మంచి అన్నంలాంటి మంచు

ఆ రోజుల్లో నాకు మంచు గురించి తెలిసినవి రెండే సంగతులు. ఒకటి, మా ఇంట్లో పాత ఫ్రిజ్ పై అరలో గోడలకి పేరుకునేది. దాన్ని అమ్మ అట్లకాడతో గీకుతుంటే నాన్న హాల్లోంచే "గ్యాసు పోద్దే, గ్యాసు పోద్ది!" అని కేకలు పెట్టేవారు. రెండోది, మా భీమవరం వైపు చేపల లారీల్లోకి ఎక్కించే ఐసు. దాని మీద ఎప్పుడూ ఊకో, రంపప్పొట్టో ఉండేది కాబట్టి మంచు తెల్లగా ఉంటుందన్న మాటని కూడా నేను పూర్తిగా నమ్మేవాణ్ణి కాదు. ఇంతటి పాండిత్యం ఉన్న మనిషి, నడుముల్లోతు మంచులో కొండెక్కే బండికి ఎంత పొడవు పట్టా ఉండాలో తేల్చి చెప్పే ఉద్యోగం చేశాడంటే, అదీ ఉక్కపోత తప్ప వేరే ఋతువు లేని సింగపూర్‌లో కూర్చుని చేశాడంటే, వినేవాళ్ళు నవ్వుతారు. నవ్వండి, ఇప్పుడు నేనూ నవ్వుతాను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఆ పట్టా పొడవు మీద నా ఉద్యోగం, ఎక్కడో జపాన్ కొండల్లో ఉన్న ఒక పెద్దాయన క్షేమం, రెండూ ఒకే కొక్కేనికి వేలాడాయి.

అసలు సింగపూర్‌లో మంచుబళ్ళ వ్యాపారమేమిటని మీకు అనుమానం రావచ్చు. మా యజమాని (ఇక్కడ యజమానిని టౌకే అంటారు, నేనూ అలాగే అంటాను) అంతకుముందు చాలా ఏళ్ళు పడవ ఇంజన్లు అమ్మారు. ఆ ఇంజన్లు చేసే విదేశీ కంపెనీ మంచుబళ్ళు కూడా చేసేది. జపాన్ వైపు వాటిని అమ్మిపెట్టేవాళ్ళు కావాలని వాళ్ళు అడగడమే తరువాయి, "ఇంజన్ ఈజ్ ఇంజన్ లా!" అని మా టౌకే ఒప్పేసుకున్నారు (మాట చివర లా తగిలించడం ఇక్కడి అలవాటు). నీళ్ళ మీద పోయేదానికీ, గడ్డకట్టిన నీళ్ళ మీద పోయేదానికీ తేడా ఏముంటుందని ఆయన లెక్క. బిషాన్‌లో రెండు గదుల ఆఫీసు. మంచు లేకపోయినా ఏసీ మాత్రం ఆ వాతావరణాన్ని సృష్టించేది. అక్కడికి నేను ఇంటర్వ్యూకి వెళ్ళాను. హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేసిన రోజుల్లో ఉన్న హాస్టల్ చిరునామాయే నా బయోడేటాలో ఉంది. టౌకే కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని ముక్కుకి ఆనించి చదివారు.

"హిమాలయా?" అన్నారు, కళ్ళు పెద్దవి చేసి.

"నో సార్. హిమాయత్. హిమాయత్‌నగర్. హైదరాబాద్."

"యా లా, హిమాలయా సైడ్. మెనీ స్నో, హా?"

"నో సార్, అక్కడ..." అని నేను రెండోసారి మొదలుపెట్టేలోపే ఆయన లేచి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. "గుడ్, గుడ్! స్నో డిపార్ట్‌మెంట్ యూ టేక్. సిక్స్ మంత్స్ సీ హౌ, ఓకే దెన్ కన్ఫర్మ్." ఉద్యోగం ఇస్తానంటున్న మనిషికి భూగోళ పాఠం మూడోసారి చెప్పడం మా వంశంలో లేదు. నేను చెప్పవలసింది చెప్పాను, ఆయన వినదలచుకున్నది విన్నారు. ఆ రోజు నుంచి ఆఫీసులో, కంపెనీ మెయిళ్ళ కింద కూడా, నా పేరు హిమాలయా. తల్లిదండ్రులు మూడు పంచాంగాలు చూసి పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడలేదు.

ఇక ఆ బండి సంగతి కొంచెం చెప్పాలి. మోటారు సైకిల్లాంటి సీటు, హ్యాండిల్. ముందు చక్రానికి బదులు రెండు జారుడు పలకలు. వెనక చక్రానికి బదులు బుల్‌డోజరుకున్నట్టు గుండ్రంగా తిరిగే రబ్బరు పట్టా. దాన్నే ట్రాక్ అంటారు. బండిని తోసేదీ, మంచు మీద తేల్చేదీ ఆ పట్టాయే. మా దగ్గర కొండ బళ్ళకి మూడు పొడవులుండేవి: నూట నలభై ఆరు అంగుళాలు, నూట యాభై నాలుగు, నూట అరవై అయిదు. కేటలాగులో ఏముందంటే, పొట్టిది చెప్పినట్టు వింటుంది, చటుక్కున తిరుగుతుంది, కానీ లోతు మంచులో తోక దిగేసుకుంటుంది. పొడుగుది ఎంత లోతులోనైనా తేలుతుంది, ఎంత ఏటవాలైనా ఎక్కుతుంది, కానీ తిరగమంటే బద్ధకిస్తుంది. నేను మొదటి సగం బాగా చదివాను. (రెండో సగం కూడా చదివాను. కాకపోతే పరీక్షకి రాని ప్రశ్నని చదివినట్టు చదివాను.)

కాపురం వుడ్‌ల్యాండ్స్‌లో. ఒక తెలుగు ఆంటీ గారి ఫ్లాట్‌లో గది. ఆంటీ గారి వాళ్ళు తాతల కాలంలోనే సింగపూర్ వచ్చేశారు, అందుకని ఆవిడ తెలుగులో సగం అరవం, అక్కడక్కడ మలయ్ కలిసి ఉండేవి. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే "మకాన్ ఆయిందా తంబీ?" అనేవారు. అంటే భోంచేశావా అని. ఆ గదిలో నాతోపాటు ఇంకొకడు ఉండేవాడు. మాది పక్కపక్క ఊళ్ళు కాబట్టి చుట్టరికం లేకపోయినా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళం. సెంబవాంగ్ షిప్‌యార్డ్‌లో వెల్డింగ్ సూపర్‌వైజరు. ప్రపంచంలో ఏ సమస్యకైనా మా బావ దగ్గర సమాధానం ఉండేది. అది ఆ సమస్యకే సంబంధించినదా కాదా అన్నది వేరే విషయం.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకి, చలికాలం మధ్యలో, ఆ పెద్దాయన మెయిల్ వచ్చింది. జపాన్‌లో ఒక కొండ కింద చిన్న సత్రం నడుపుతున్నాడట. కొండ మీద ఆయనకో చెక్క గుడిసె ఉంది. వారానికోసారి ఒక్కడే పైకి వెళ్ళి దాని కప్పు మీద మంచు తోసెయ్యకపోతే బరువుకి కూలిపోతుంది. ఉన్న బండి సగం దారిలో మంచులో గొయ్యి తవ్వుకుని అందులో కూర్చుంటోంది, మిగతా సగం ఆయన నడుస్తున్నాడు. "డీప్ పౌడర్. మై మెషీన్ సింక్. ఐ యామ్ ఓల్డ్. వాట్ ట్రాక్ లెంత్ గుడ్?" ఇదీ మెయిల్. పౌడర్ అంటే అప్పటిదాకా నాకు తెలిసింది స్నానమయ్యాక మెడకి రాసుకునేదే. టౌకే నా వెనక నిలబడి చదివి, వీపు మీద తట్టి, "హిమాలయా! దిస్ వన్ యువర్ ఫస్ట్ కస్టమర్. మెషీన్ ఓకే, యూ కన్ఫర్మ్. మెషీన్ కమ్ బ్యాక్, యూ ఆల్సో గో బ్యాక్" అన్నారు, నవ్వుతూనే. ఆయన నవ్వుతూ చెప్పినవే ఎక్కువగా జరిగేవి.

ఆ సాయంత్రం ఇంట్లో మా బావ ముందు సమస్య పెట్టాను. వాడు షిప్‌యార్డ్ బూట్లు విప్పుతూ విన్నాడు.

"ఏంట్రా బావా, దీనికింత ఆలోచనేంటి? దమ్ము సేసేటప్పుడు ట్రాట్టరు మామూలు సెక్రాల్తో దిగితే ఏమవుద్ది?"

"కూరుకుపోద్ది."

"అందుకనేగా ఇనప కేజీవీల్సు ఏసేది? అడుగు ఎంత పెద్దదైతే బండి అంత తేల్తది. మంచైతే ఏంటి, బురదైతే ఏంటి? పొడుగుది ఏసెయ్, తిరిగి సూడకు!"

నిజమే కదా అనిపించింది. వరి నాట్ల ముందు దమ్ము చేసిన చేలో మోకాలి లోతు బురద ఎలా లాగుతుందో నాకు తెలుసు. మంచు తెలియనివాడికి బురద తెలియడం కూడా ఒక అర్హతే అనుకుని ధైర్యం తెచ్చుకున్నాను. అయితే కేటలాగులో ఇంకో మెలిక ఉంది. తడి మంచు వేరు, పొడి మంచు వేరు. తడిది కాస్త బరువు మోస్తుంది, దానికి అంత పొడుగు అక్కర్లేదు. పొడిది అసలు నిలబడనివ్వదు, పొడుగుదే కావాలి. మీ మంచు తడా, పొడా అని పెద్దాయనకి రాశాను. "మౌంటెన్ ఈజ్ బిగ్. మెనీ స్నో" అని జవాబు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే.

ఎలా అడగాలో తెలియక భోజనం దగ్గర దిగాలుగా కూర్చుంటే ఆంటీ గారు కుక్కరు మూత తీశారు. ఆవిడకి ప్రపంచంలో ఏదైనా గర్వం ఉందంటే అది ఆవిడ వండే అన్నం మీదే. గరిటెతో అన్నం పైకెత్తి, ఎత్తు నుంచి నా కంచంలోకి రాల్చి చూపించేవారు. "చూడు తంబీ, ఎలా ఉందో! పొడిపొడిగా, గింజకి గింజ అంటదు. ముద్దైతే అది అన్నమా? అలామక్, అయ్యో రామా, దాంతో గోడకి పోస్టర్ అంటించుకోవాలి!" పొడి! చెంచా కింద పెట్టేశాను. చూడండి మన భాష గొప్పతనం. తడి లేనిదీ పొడే, పిండి చేసిందీ పొడే. వాళ్ళకి పౌడర్ వేరు, డ్రై వేరు కావచ్చుగానీ మనకి రెంటికీ ఒకే మాట. మంచైనా, అన్నమైనా చూడాల్సింది ఒక్కటే, పొడా, ముద్దా? జపాన్ వాళ్ళూ మూడు పూటలా అన్నం తినేవాళ్ళే. ఇంతకంటే తేలిగ్గా ఎవరు అడగగలరు? మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే నా ఇంగ్లీషు ప్రతిభనంతా ధారపోసి రాశాను: "సార్, ఈజ్ యువర్ స్నో లైక్ గుడ్ రైస్ ఆర్ లైక్ బ్యాడ్ రైస్?"

జవాబు రావడానికి కొంచెం ఆలస్యమైంది గానీ, వచ్చింది మాత్రం దివ్యంగా వచ్చింది. "గుడ్ రైస్! వెరీ గుడ్ రైస్! మై విలేజ్ రైస్ ఆల్సో బెస్ట్." మంచి అన్నం అంటే పొడి. పొడి అంటే పొడుగు. నూట అరవై అయిదు! టౌకే ఎగిరి గంతేసినంత పని చేశారు. చలికాలం చివర్లో ఆర్డరు పెట్టేస్తే, బండి తయారై వచ్చే శీతాకాలానికి ముందే చేరుతుంది. ఆర్డరు వెళ్ళిపోయింది. నేను ఇంటికి ఫోన్ చేసి అమ్మతో ఉద్యోగం దాదాపు ఖాయమైనట్టే అని చెప్పాను. అమ్మ "ఐసు జోలికి పోకురా, జలుబు చేస్తుంది" అంది.

ఆ వారాంతంలో టౌకే నాకు విందు ఇస్తానన్నారు. విందంటే పెద్ద హోటలనుకునేరు, ఆఫీసు దగ్గర హాకర్ సెంటరే. టిష్యూ పొట్లం బల్ల మీద పెట్టి చోప్ చేశారు (మన బస్సుల్లో కిటికీలోంచి సీటు మీద తువ్వాలు విసిరినట్టు). జపాన్ ఆర్డరు కాబట్టి జపాన్ భోజనమే తినాలని, జపాన్ వంటకాలమ్మే కొట్టు నుంచి రెండు పళ్ళేలు స్వయంగా మోసుకొచ్చారు. నా పళ్ళెంలో ఒక పక్క కూర, ఇంకో పక్క గిన్నె బోర్లించినట్టు గుండ్రంగా అన్నం. కూర కలుపుదామని చెంచాతో ఆ అన్నాన్ని ఒక కొస నుంచి విడదీయబోయాను. విడలేదు. అన్నమంతా కట్టకట్టుకుని ఒక్కసారిగా జరిగింది. ఇంకొంచెం గట్టిగా పొడిస్తే చెంచాతోపాటే లేచి వచ్చింది. నాకు ఆంటీ గారు గుర్తొచ్చి, టౌకే మీద జాలేసింది. పాపం, సంబరం చేద్దామని ఎవడో చేతకాని వంటవాడి దగ్గరికి తీసుకొచ్చాడు మనిషి.

"సార్, ఈ అన్నం పాడైపోయింది. బ్యాడ్ రైస్" అన్నాను మెల్లగా, ఆయన నొచ్చుకోకుండా.

టౌకే తన అన్నాన్ని చాప్‌స్టిక్ పుల్లల మధ్య ముద్దగా పట్టి నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలారు. "వాట్ బ్యాడ్? దిస్ వన్ వెరీ గుడ్ రైస్ లా! గుడ్ జపనీస్ రైస్ మస్ట్ స్టిక్. నాట్ స్టిక్, బ్యాడ్ రైస్."

అంత ఎండలో కూడా నా వెన్ను చల్లబడింది. బహుశా నా జీవితంలో మొదటిసారి మంచు అంటే ఏమిటో అప్పుడే తెలిసి ఉంటుంది. ఆయనకి మంచి అన్నం అంటే ముద్ద! పెద్దాయన గర్వంగా, ఊరి పరువంతా కలిపి చెప్పింది, మా మంచు ముద్దలా అంటుకుంటుంది అని. నేను దానికి ఉన్నవాటిలోకెల్లా పొడుగు పట్టా కట్టబెట్టాను. ఇప్పుడు గుర్తొచ్చింది కేటలాగులో రెండో సగం: తిరగమంటే బద్ధకిస్తుంది. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. దమ్ము చక్రాలతో ట్రాక్టరు చేలో హంసలా తేలుతుంది, నిజమే. అదే చక్రాలతో తారు రోడ్డెక్కితే? రోడ్డు పాడు, బండి పాడు, నడిపేవాడి నడుము పాడు. అందుకే గట్టు మీదికి రాగానే విప్పేస్తారు. మా బావ ఆ సంగతి చెప్పలేదు, నేనూ అడగలేదు. చెట్ల మధ్య ఒంటరిగా, ముసలి చేతులతో, తిరగనని మొండికేసే బండి మీద ఉన్న మనిషి నా కళ్ళ ముందు కనిపించాడు. ఉద్యోగం పోతుందన్న భయం కూడా వేసింది, వెయ్యలేదనను. కానీ ఉద్యోగం పోయినవాడికి కనీసం ఇంటికి విమానం టిక్కెట్టు ఉంది. పెద్దాయనకి అది కూడా లేదు.

విందు మధ్యలోనే చెప్పేశాను. అన్నం కథంతా చెప్పాను. టౌకే పుల్లలు గాల్లో ఆగిపోయాయి.

"హిమాలయా మ్యాన్, స్నో డోంట్ నో ఆ?"

"హిమాలయా కాదు సార్. హిమాయత్. హిమాయత్‌నగర్. హైదరాబాద్. అక్కడ మే నెలలో తారు కరుగుతుంది." మూడోసారి చెప్పడం మా వంశంలో లేదని పైన అన్నాను. ఆ రోజుతో మొదలైంది.

ఆయన పుల్లలు పళ్ళెం మీద పెట్టేశారు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "దెన్ దిస్ కంపెనీ, హూ నో స్నో?" అన్నారు. ఎవరూ లేరు. ఆయనా చూడలేదు.  చివరికి ఆయనే, "ఆర్డర్ కెన్ చేంజ్. బట్ యూ ఆస్క్ హిమ్ ప్రాపర్లీ. నో మోర్ రైస్!" అన్నారు.

ఆఫీసుకొచ్చి పెద్దాయనకి వీడియో కాల్ చేశాను. తెర మీద ఎర్రటి బుగ్గలు, చెవుల టోపీ, ముడతల్లో కూరుకుపోయిన చిన్న కళ్ళు కనిపించాయి. మనిషి మహా అయితే మన బియ్యం బస్తా అంత బరువుంటాడు. అదీ నేను అడగని ఇంకో ప్రశ్న. మనిషి ఎంత తేలికైతే పొడుగు పట్టా అవసరం అంత తక్కువ. మంచు చూపించమన్నాను. ఆయన ఫోన్ పట్టుకుని పెరట్లోకి నడిచి, చేతి తొడుగు తీసి, గుప్పెడు మంచు తీసి గట్టిగా నొక్కాడు. చక్కటి లడ్డూ అయింది. "గుడ్ రైస్!" అన్నాడు మెరిసిపోతూ. నేను నో మోర్ రైస్ అన్న మాట మరిచిపోయాను.

"సార్, ఇది కింద. పైన, గుడిసె దగ్గర? అక్కడ కూడా గుడ్ రైసేనా?"

పెద్దాయన మొహం మారింది. కొండ వైపు చూసి, చెయ్యి అడ్డంగా ఊపాడు. "అప్? ఓ... బ్యాడ్ రైస్. వెరీ బ్యాడ్ రైస్!" అని, అరచేతిని ఛాతీ దగ్గర పెట్టి అంత లోతని చూపించాడు. గుప్పెట మూసి, తెరిచి, ఉఫ్ అని ఊదాడు. నిలవదు, ఎగిరిపోతుంది. "మిడిల్, మెనీ ట్రీ. టర్న్, టర్న్, టర్న్" అని చేత్తో పాము మెలికలు తిప్పాడు. ఆ మాట చెప్పడం అయ్యాక, ఎందుకు బుద్ధి పుట్టిందో, చేతిలో ఉన్న లడ్డూని ఫోన్ మీదికే విసిరాడు. తెరంతా తెల్లబడింది. దాని వెనక నుంచి ఆయన నవ్వు వినపడుతూనే ఉంది. నా వెనక నిలబడిన టౌకే ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేశారు.

కింద ముద్ద, పైన పొడి, మధ్యలో చెట్లు, మీద బక్కపల్చటి పెద్దాయన, బరువు మోసే పని లేదు. ఇప్పుడు మాత్రం కేటలాగు రెండు సగాలూ చదివాను. పొట్టిది పైన దిగబడుతుంది. పొడుగుది మధ్యలో చెట్టుకి గుద్దుకుంటుంది. నూట యాభై నాలుగు అన్నాను.  టౌకే నన్నూ తెరనీ చూసి, "ష్యూర్?" అన్నారు. "నాట్ ష్యూర్ సార్. కానీ నేనైతే అదే ఎక్కుతాను" అన్నాను. ఆయన ఆర్డరు మార్చారు. ఆరు నెలల గడువు లెక్క పక్కనపెట్టి, కన్ఫర్మ్ చేసే కాగితం మాత్రం బల్ల సొరుగులో పెట్టేశారు. "స్నో కమ్, మెషీన్ గో అప్, మెషీన్ కమ్ డౌన్. దెన్ వీ సీ."

అలా సింగపూర్‌లో మంచు కోసం ఎదురుచూసిన ఏకైక తెలుగువాణ్ణి అయ్యాను. మా తాత వానకోసం ఆకాశం వైపు చూసినట్టు, నేను ఫోన్‌లో జపాన్ వాతావరణం చూసేవాణ్ణి. వుడ్‌ల్యాండ్స్ నుంచి బిషాన్ దాకా ట్రైన్‌లో చెమట తుడుచుకుంటూ, అక్కడ ఇంకా ఎండ కాస్తోందని నిట్టూర్చేవాణ్ణి. ఆంటీ గారు రోజూ "పనిక్కట్టి వచ్చిందా తంబీ?" అని అడిగేవారు (మంచుగడ్డకి అది అరవ మాట), నేను లేదనగానే, ఇంకో గరిటె అన్నం వడ్డించేవారు. మా బావకి దమ్ము చక్రాల రెండో సగం గుర్తు చేస్తే, "అది నువ్వడగలేదు కదరా బావా" అని తప్పుకున్నాడు. దేవుడి దగ్గర కూడా ఆ మాటే చెప్పి తప్పుకుంటాడు వాడు.

బండి చేరిందని తెలిసింది. మంచు మొదలైందని వాతావరణం చెప్పింది. తర్వాత ఎన్ని రోజులైనా పెద్దాయన దగ్గర్నుంచి మాట లేదు. నేను రాయాలనుకుని రాయలేదు. రాస్తే ఏ జవాబు వస్తుందో అని భయం. ఆయన అక్కడెక్కడో చెట్టుకి ఆనుకుని కూర్చుని ఉన్నట్టు, బండి పక్కకి పడి ఉన్నట్టు ఊహించుకుంటూ అన్నం తినలేకపోయేవాణ్ణి. (అన్నాన్ని చూస్తేనే ఆయన గుర్తొచ్చేవాడు, అది వేరే బాధ.) ఒక ఉదయం ట్రైన్ బిషాన్‌లో ఆగబోతుండగా ఫోన్ మోగింది. ఫోటో. తెల్లటి కొండ, నల్లటి చెట్లు. ఆ చెట్ల మధ్య నుంచి, ముగ్గు వేసే చెయ్యి తిప్పినట్టు మెలికలు మెలికలుగా పైదాకా వెళ్ళిన బండి జాడ. ఎక్కడా గొయ్యి లేదు, ఎక్కడా తెగలేదు. కింద మూడు ముక్కలు: "గుడ్ రైస్ ఓకే. బ్యాడ్ రైస్ ఓకే. ఐ యామ్ హోమ్." స్టేషన్‌లో దిగడం మరిచిపోయి తర్వాతి స్టేషన్ దాకా వెళ్ళిపోయాను. ఏడ్చానని చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. పక్కన నిలబడిన ఒక అంకుల్ మాత్రం పాపం ఇంట్లో ఎవరో పోయారనుకుని టిష్యూ పొట్లం ఇచ్చాడు. టౌకే ఫోటో చూసి, సొరుగు తెరిచి కన్ఫర్మ్ కాగితం బయటికి తీశారు.

ఆ కంపెనీలోనే ఉండిపోయాను. ఇన్నేళ్ళూ మంచుబళ్ళు అమ్మి అమ్మి జుట్టు నెరిసింది గానీ, మంచు ముఖం మాత్రం పోయిన శీతాకాలంలోనే మొదటిసారి చూశాను. పెద్దాయన రమ్మని రమ్మని ఇన్నాళ్ళకి రప్పించుకున్నాడు. ఇప్పుడు ఆయన నిజంగానే బాగా పెద్దాయన. పై గుడిసె దగ్గరికి మేనల్లుడు వెళ్ళివస్తున్నాడట. ఆ రోజు మాత్రం నన్ను వెనక కూర్చోబెట్టుకుని తనే పైదాకా తీసుకెళ్ళి, "నౌ యూ" అని బండి నాకు వదిలాడు. అదే బండి, నేను ఎంచిన పట్టా. ఆసియా ఖండపు నిపుణుణ్ణి కదా, దర్జాగా ఎక్కి, దర్జాగా మీట నొక్కాను. చేంతాడంత దూరం కూడా పోకుండానే బండి పక్కకి ఒరిగింది. నేను ఛాతీదాకా మంచులో దిగబడ్డాను. పట్టా తప్పు కాదు, పూర్తిగా నాదే. పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వి, నవ్వి, నా కోటు కాలరు పట్టుకుని లాగుతూ అడిగాడు.

"హిమాలయా-సాన్! హిమాలయా, నో స్నో?" (సాన్ అంటే వాళ్ళ భాషలో గారు.)

ఇంక దాచేదేముంది? "హిమాలయా కాదండీ. హిమాయత్‌నగర్. కింద టిఫిన్ సెంటర్, పైన మా హాస్టల్. అక్కడ తెల్లగా ఉండేది ఇడ్లీ ఒక్కటే" అని చేతనైనంతలో విడమరిచి చెప్పాను.

"ఐ నో" అన్నాడాయన, కళ్ళు తుడుచుకుంటూ. "రైస్ మెయిల్, ఐ నో. మౌంటెన్ మ్యాన్ నెవర్ ఆస్క్ రైస్."

"మరి తెలిసీ నా మాట మీద బండి ఎందుకు కొన్నారు?"

పెద్దాయన నా భుజాల మీది మంచు దులిపాడు. "మౌంటెన్ మ్యాన్ నెవర్ ఆస్క్ సెకండ్ టైమ్" అన్నాడు. "యూ ఆస్క్."

 ట్రైన్‌లో చెమట తుడుచుకుంటూ జపాన్ ఆకాశం వైపు చూసిన ఆ కుర్రాడు అక్కడ ఉంటే బాగుండునని మాత్రం అనిపించింది. పాపం, ఏడాది పొడుగునా వణికిపోయాడు వెధవ. చేతి తొడుగు తీసి గుప్పెడు మంచు తీసుకుని గట్టిగా నొక్కాను. ముద్ద కాలేదు. వేళ్ళ సందుల్లోంచి పొడిపొడిగా, గింజకి గింజ అంటకుండా రాలిపోయింది. "బ్యాడ్ రైస్" అన్నాడు పెద్దాయన జాలిగా. మా వుడ్‌ల్యాండ్స్ ఆంటీ గారు చూసి ఉంటే ఎంత మురిసిపోయేవారో.